చూపు లేనివాళ్లు బీఎడ్ స్పెషల్ చేయకూడదా? కాలేజీ వాళ్లు వద్దంటున్నారు

టెక్కలి_అమ్మాయి
పుట్టుకతోనే నాకు చూపు లేదు. సదరం సర్టిఫికెట్‌లో వంద శాతం అని ఉంది. ఈ ఏడాది బీఏ అయిపోయింది, మార్కులు బాగానే వచ్చాయి. అంధుల స్కూల్లో నాకు బ్రెయిల్ నేర్పిన టీచర్‌కి కూడా చూపు లేదు. ఆవిడ దగ్గర చదువుకున్నప్పటి నుంచి నాకు ఇంకో ఉద్యోగం మీదికి మనసు పోలేదు. బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్‌లో విజువల్ ఇంపెయిర్‌మెంట్ (వీఐ, అంటే చూపు లోపం) తీసుకుందామని ఒక ప్రైవేటు కాలేజీకి ఫోన్ చేశాను. "చార్టులు గీయాలి తల్లీ, పిల్లల్ని చూసి అబ్జర్వేషన్ రికార్డు రాయాలి, టీచింగ్ ప్రాక్టీస్‌కి బడులు తిరగాలి. నీకెందుకమ్మా ఈ కష్టం, హాయిగా ఎంఏ చేసుకో" అన్నారు. కసురుకుని ఉంటే నేనూ గట్టిగా అడిగేదాన్ని. అంత జాలిగా మాట్లాడేసరికి నోరు రాలేదు.

ఇంట్లో కూడా ఇప్పుడు అదే పాట. నిజంగా రూల్ ఏమైనా ఉందా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో చెప్పండి. రికార్డులు, ప్రాక్టికల్స్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

రూల్‌బుక్_రాంబాబు
అలాంటి రూల్ లేదు. స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులను గుర్తించేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అందరూ ఆర్‌సీఐ అంటారు. 1992 నాటి చట్టం కింద నడుస్తుంది. ఇంటర్ తర్వాతైతే రెండేళ్ల డీఎడ్ స్పెషల్, డిగ్రీ తర్వాతైతే రెండేళ్ల బీఎడ్ స్పెషల్. మామూలుగా 50 శాతం మార్కులు అడుగుతారు, వైకల్యం ఉన్నవాళ్లకు అందులో సడలింపు ఉంటుంది. మీరు ఏపీ కాబట్టి ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

కోర్సు పూర్తయ్యాక ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకుంటే సీఆర్‌ఆర్ నంబర్ ఇస్తారు. అది లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పని చేస్తే నేరం. చట్టంలో 13వ సెక్షన్ చూడండి, ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంత పొడుగు వ్యవహారంలో "చూపు ఉండాలి" అన్న మాట ఎక్కడా లేదు. ఆ కాలేజీ వాళ్లు ఫోన్లో చెప్పిన మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. ఇవ్వరు.

గోదారి_గట్టు
సీటు రావడం వేరు, కోర్సు గట్టెక్కడం వేరు. మా అక్క బీఎడ్ స్పెషల్ చేసింది, ఆ రికార్డులు నేను చూశా. పిల్లాడు ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు, పిలిస్తే ఎటు చూస్తాడు, ఇలా పేజీలకు పేజీలు. కళ్లతో చూడకుండా అది ఎలా రాస్తారు? ఆ అమ్మాయిని నిరుత్సాహపరచాలని కాదు. రెండేళ్లూ డబ్బూ పోయాక తెలిసేకంటే ముందే ఎవరో ఒకరు చెప్పాలి కదా.

పూసపాటి_కుర్రోడు
చూపు లేనివాళ్లు జడ్జీలు కావచ్చని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. జడ్జి కావచ్చు గానీ బ్రెయిల్ టీచర్ కాకూడదా?

గోదారి_గట్టు
జడ్జి చార్టులు గీయనక్కర్లేదు బ్రదర్. నేను అడిగింది పని గురించి.

బ్రెయిల్_మాస్టారు
గట్టు గారి ప్రశ్న సరైనదే, దానికి సరైన జవాబు కూడా ఉంది. నాకూ చూపు లేదు. వీఐలో బీఎడ్ స్పెషల్ చేసి చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను.

చార్టుల సంగతి ముందు. వీఐ కోర్సులో టీఎల్‌ఎం, అంటే పాఠానికి వాడే బోధన సామగ్రి, రంగుల చార్టు కాదమ్మా. చూపు లేని పిల్లాడికి ఆ చార్టు గోడకి వేలాడే కాగితం, అంతే. వాడికి కావాల్సింది వేళ్లకు తగిలే బొమ్మ. నేను ఆంధ్ర, తెలంగాణ మ్యాపు చేసినప్పుడు సరిహద్దుకి పురికొస దారం, నదులకి సన్న ఊలు, కొండలకి ఇసుక కాగితం ముక్కలు, ఊళ్లకి కందిబేడలు అంటించాను. గోదావరి, కృష్ణ రెండూ ఒకే దారంతో పెడితే పిల్లలు తికమకపడతారు, అందుకని ఒకటి లావుగా ఒకటి సన్నగా పెట్టాలి. ఈ తేడా నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, నా వేలికే తెలిసింది. ఎగ్జామినర్ అడిగితే మ్యాపు ఆయన చేతికిచ్చి కళ్లు మూసుకుని శ్రీశైలం ఎక్కడుందో చూపించండి సార్ అన్నాను. కాసేపు వెతికారు, నవ్వారు, మార్కులు వేశారు.

ఇక అబ్జర్వేషన్. పిల్లాడు బ్రెయిల్ చదివేటప్పుడు వేలు కాగితం మీద రాసుకునే చప్పుడు వినండి. బాగా చదివేవాడి వేలు ఎడమ నుంచి కుడికి ఒకే తీరుగా జారుతుంది. గుర్తుపట్టలేక ఇబ్బంది పడేవాడు చుక్కల మీద పైకీ కిందికీ గీరుతుంటాడు, గరగర తెలిసిపోతుంది. చూపున్న టీచర్లు చాలామంది బ్రెయిల్‌ని కంటితో చదువుతారు, అందుకని పిల్లాడి వేలు ఎంత నొక్కుతోందో వాళ్ల ధ్యాసలోకి రాదు. నేను పిల్లాడి వేలి వెనకే నా వేలు పెట్టి నడుస్తాను, ఎక్కడ ఆగాడో అక్కడ నేనూ ఆగుతాను. నా రికార్డులో ఇవే రాశాను. నడక, కూర్చునే తీరు లాంటివి తోటి ట్రైనీతో కలిసి రాశాను, ఎవరు చూసి చెప్పారో కూడా అక్కడే రాశాను. అది దొంగతనం కాదు. రేపు బడిలో కూడా తల్లినీ, ఆయానూ, తోటి టీచర్‌నీ అడిగే మన పని నడుస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. చూపు లేకపోవడం అర్హత కాదు. బ్రెయిల్ చదవడం వేరు, ఆరేళ్ల పిల్లకి మొదటి చుక్క నుంచి నేర్పడం వేరు. లెక్కలకు నెమెత్ కోడ్ అనే బ్రెయిల్ గుర్తులు, అంకెలు గుచ్చి లెక్క చేసే టేలర్ ఫ్రేమ్, పూసల అబాకస్ అన్నీ ఒక పద్ధతిలో రావాలి. లో విజన్ పిల్లలు, అంటే కాస్త చూపు మిగిలినవాళ్లు వస్తే అక్షరం సైజెంత ఉండాలి, వెలుతురు ఎటు నుంచి పడాలి అన్నది మనం చదువుకుని, చూపున్నవాళ్లతో కలిసి చేయాలి. కోర్సు ఉన్నది అందుకే. దాన్ని మనకోసం తేలిక చేయమని అడగొద్దు. మనం చేయగలిగే దారిలో పెట్టమని అడగాలి.

టెక్కలి_అమ్మాయి
మాస్టారూ, ఈ పోస్టు స్క్రీన్ రీడర్‌లో మళ్లీ మళ్లీ విన్నాను. మా నాన్నకి కూడా వినిపించాను. ఏమీ అనలేదు గానీ కందిబేడల దగ్గర నవ్వారు.

వీఐ_బ్యాచ్‌మేట్
మా క్లాసులో చూపు లేని అమ్మాయి ఒకతె ఉండేది. మొబిలిటీ ప్రాక్టికల్‌లో అందరికీ కళ్లకు గంతలు కట్టి వరండా చివర ఉన్న వాటర్ ఫిల్టర్ దాకా తెల్లకర్రతో వెళ్లి రమ్మంటారు. లెక్చరర్ లిస్టు ప్రకారం గంతలు పంచుకుంటూ వచ్చి ఆ అమ్మాయికీ ఒకటిచ్చేశాడు! ఆమె మారు మాట్లాడకుండా కట్టుకుని చకచకా వెళ్లి నీళ్లు తాగి వచ్చేసింది. మేమంతా గోడని కౌగిలించుకుని పాకుతున్నాం. ఆ రోజు నుంచి మొబిలిటీలో మాకు అసలు గురువు ఆమే. కర్ర చివర నేలకి ఎంత ఎత్తులో తిప్పాలో, గోడ దగ్గరైతే చప్పుడు ఎలా మారుతుందో ఆమె చెప్పాకే మాకు తెలిసింది.

పూసపాటి_కుర్రోడు
గంత మీద గంత 😂

గోదారి_గట్టు
మాస్టారు గారి మాట ఒప్పుకుంటున్నా, చదివాక విషయం అర్థమైంది. నా సందేహం ఇప్పుడు ఇంకోటి. బీఎడ్ స్పెషల్‌లో వేరే వైకల్యాల పేపర్లు కూడా ఉంటాయి కదా. రేపు మండలంలో రిసోర్స్ టీచర్‌గా వేస్తే వినికిడి లేని పిల్లలూ వస్తారు, మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లలూ వస్తారు. చూపు లేని టీచర్ సైన్ (చేతి సైగల భాష) చేసే పిల్లాడితో ఎలా మాట్లాడాలి?

భవిత_టీచర్_కరీంనగర్
ఇది అందరి సమస్య సార్, చూపు లేనివాళ్లదే కాదు. నాకు ఎడమ కాలు పోలియో. ఐడీలో, అంటే మేధో వైకల్యంలో స్పెషల్ డీఎడ్ చేసి, వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా (రిసోర్స్ టీచర్ లాంటి పని) కాంట్రాక్ట్ మీద చేస్తున్న. నా దగ్గరికి అన్ని రకాల పిల్లలూ వస్తరు. వినికిడి లేని పిల్లాడొస్తే నాకు నాలుగు సైన్లు వస్తయి, అంతే. కళ్లున్నా నేను వాడితో మాట్లాడలేను కదా! మండలానికి ఒకరిద్దరిని పెట్టి అన్ని వైకల్యాలూ మీరే చూసుకోండి అంటే ఎవరికైనా కష్టమే. ఆ లోటుని చూపు లేని టీచర్ నెత్తిన పెట్టకండి.

నాకు అసలు కష్టం క్లాసులో లేదు. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లాలి. బస్సు దిగి లోపలికి నడవాలి, వానాకాలం కాలికి కట్టే క్యాలిపర్‌తో బురదలో నడక ఎట్లుంటదో నడిచినోళ్లకే ఎరుక. ట్రైనింగ్‌లో ఇంటి దగ్గర పాఠం ఎలా చెప్పాలో నేర్పిన్రు, ఆ ఇంటికి ఎలా పోవాలో ఎవరూ మాట్లాడలే.

చిన్నోడి_అమ్మ
మా బాబుకి ఆటిజం. ఒక తల్లిగా చెబుతున్నా, కొందరికి నచ్చకపోవచ్చు. టీచర్‌కి వైకల్యం ఉందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు, ట్రైనింగ్ ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఒక సెంటర్‌లో "మా దగ్గర అందరూ దివ్యాంగులే టీచర్లు, ఎంతో ప్రేమగా చూసుకుంటారు" అని గొప్పగా చెప్పారు. తీరా అడిగితే ఒక్కరికీ సీఆర్‌ఆర్ నంబర్ లేదు. వాళ్లు మంచివాళ్లే, పాపం. కానీ మావాడు చెవులు మూసుకుని కేకలు పెడితే ఏం చేయాలో వాళ్లకి తెలియలేదు, చేతులు గట్టిగా పట్టుకున్నారు. వాడు ఇంకా బెదిరిపోయాడు.

ఇప్పుడు వెళ్తున్న చోట టీచర్‌కి సెరిబ్రల్ పాల్సీ. మాట ముద్దగా వస్తుంది, నాకే కొత్తలో సగం అర్థమయ్యేది కాదు. ఆయన మాటల మీద ఆధారపడడు. రోజంతా ఏం జరుగుతుందో వరసగా బొమ్మల కార్డులు గోడకి పెడతాడు, ఒక పని అవగానే ఆ కార్డు తీసి డబ్బాలో వేయిస్తాడు. తొందరపెట్టడు, మావాడికి కావాల్సింది అదే. ఆయన ఐడీలో బీఎడ్ స్పెషల్ చేశాడు, నంబర్ ఉంది, పిల్లాడికి రాసిన ప్లాన్ నాకు చూపించి సంతకం పెట్టించుకున్నాడు. మాకు ఇలాంటి టీచర్లు కావాలి.

బ్రెయిల్_మాస్టారు
అమ్మా, నేను పెద్ద పోస్టు రాసి చెప్పింది మీరు నాలుగు ముక్కల్లో చెప్పారు. ట్రైనింగ్ ఇవ్వకుండా ప్రేమ పేరు చెప్పి కూర్చోబెట్టడం పిల్లలకీ అన్యాయమే, ఆ టీచర్లకీ అన్యాయమే. ఆ సెంటర్ వాళ్లు తక్కువ జీతానికి మనుషులు దొరుకుతారని పెట్టుకుని ఉంటారు.

చేతుల_భాష
నేను డెఫ్, వినపడదు. చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ చూపు గురించి, కాలి గురించి రాశారు. మా సంగతి చెబుతాను.

డెఫ్ వాళ్ల కోసమే ఒక కోర్సు ఉంది, డిప్లొమా ఇన్ టీచింగ్ ఇండియన్ సైన్ లాంగ్వేజ్. డీటీఐఎస్‌ఎల్ అంటాం. ఢిల్లీలో 2015లో పెట్టిన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ సెంటర్‌లో కూడా నేర్పుతారు. నేను అది చేశాను. ఆ కోర్సులో లెక్చరర్లు సైన్‌లోనే చెబుతారు, నా జీవితంలో మొదటిసారి క్లాసు మొత్తం అర్థమైంది. కానీ అది చేసి నేను బడిలో టీచర్ కాలేను. టెట్, డీఎస్సీ నోటిఫికేషన్లలో అడిగేది డీఎడ్ స్పెషల్, బీఎడ్ స్పెషల్. నేను సైన్ నేర్పే మనిషిని మాత్రమే. నా క్లాసులో నా దగ్గర సైన్ నేర్చుకున్న వినికిడి ఉన్న అమ్మాయి బీఎడ్ చేసి టీచర్ అయింది. సంతోషమే. కానీ నేను?

సరే, హెచ్‌ఐలో, అంటే వినికిడి లోపంలో బీఎడ్ స్పెషల్ చేద్దామంటే క్లాసులో ఇంటర్‌ప్రెటర్ లేరు. లెక్చరర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు, పెదవులు కూడా కనపడవు. ప్రాక్టికల్‌లో లింగ్ టెస్ట్ చేయాలి. ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనే ఆరు శబ్దాలు టీచర్ నోరు కనపడకుండా పలికి పిల్లాడికి వినపడిందో లేదో చూడాలి. నేను ఆ శబ్దం పలకలేను, పిల్లాడు తిరిగి సరిగ్గా పలికాడో లేదో వినలేను. దానికి వైవాలో సున్నా.

స్పీచ్_ట్రైనర్_గుంటూరు
మీ బాధ అర్థమవుతోంది. కానీ ఇప్పుడు చాలామంది పిల్లలకి చిన్న వయసులోనే ఆపరేషన్ చేసి కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి పరికరం వేస్తున్నారు. ఆపరేషన్ అయ్యాక వినడం, మాట్లాడటం నేర్పకపోతే ఆ ఖర్చంతా వృథా. హెచ్‌ఐ టీచర్‌కి ఆ పని రావాల్సిందే. మెషీన్ పని చేస్తోందో లేదో పొద్దున్నే తెలుసుకోవాలంటే ఆ ఆరు శబ్దాలే దిక్కు. అది తీసేస్తే నష్టపోయేది పిల్లలే.

చేతుల_భాష
తీసేయమనలేదు. బడిలో ఇద్దరు టీచర్లు ఉండొచ్చు, శబ్దం పని మీరు చేయండి, భాష పని నాకివ్వండి. డెఫ్ పిల్లల్లో చాలామందికి వినగలిగిన తల్లిదండ్రులే ఉంటారు, ఇంట్లో సైన్ ఉండదు. ఆరేళ్లొచ్చి బడికొచ్చే పిల్లాడికి ఒక్కోసారి తన పేరు కూడా తెలియదు. వాడికి ముందు ఏదో ఒక భాష కావాలి. అది నేను ఇవ్వగలను, ట్రైనింగ్ ఉంటే ఇంకా బాగా ఇవ్వగలను. ఇంప్లాంట్ వేయించుకోని పిల్లలు, వేసినా ఫలితం రాని పిల్లలు కూడా ఉన్నారు కదా మేడమ్?

స్పీచ్_ట్రైనర్_గుంటూరు
ఉన్నారు, మా బడిలోనే ఉన్నారు. ఇద్దరు టీచర్ల మాట నాకూ నచ్చింది. ఎటొచ్చీ ఇద్దరికి పోస్టులు ఇచ్చే బడి ఎక్కడుంది?

పాత_పేజీలు
ఈ గొడవ కొత్తది కాదు. అమెరికాలో మొదటి శాశ్వత బధిరుల బడి 1817లో హార్ట్‌ఫర్డ్‌లో పెట్టినప్పుడు పిల్లలకు పాఠం చెప్పింది ఫ్రాన్స్ నుంచి వెళ్లిన లారెంట్ క్లెర్క్. ఆయన బధిరుడే. ఆ తర్వాత చాలా బడుల్లో బధిరులే టీచర్లుగా ఉండేవారు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో సభ పెట్టి బడుల్లో మాటే నేర్పాలి, సైన్ వద్దు అని తీర్మానం చేశారు. ఓటు వేసినవాళ్లు దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. దాంతో దేశదేశాల్లో బధిర టీచర్ల ఉద్యోగాలు పోయాయి. లూయీ బ్రెయిల్ కూడా తాను చదువుకున్న పారిస్ అంధుల బడిలోనే టీచర్‌గా పనిచేశాడు. అలాంటి మనిషిని చార్టు గీయలేవని బయటికి పంపి ఉంటే ఈ చుక్కలన్నీ మనదాకా వచ్చేవా?

రూల్‌బుక్_రాంబాబు
చేతుల_భాష గారికి ఉపయోగపడే మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 17వ సెక్షన్, సి క్లాజ్. సైన్, బ్రెయిల్ అర్హత ఉన్న టీచర్లకు శిక్షణ ఇచ్చి నియమించాలి, వారిలో వైకల్యం ఉన్న టీచర్లు కూడా ఉండాలి అని చట్టమే చెబుతోంది. దరఖాస్తు రాసినా, కోర్టుకెళ్లినా ఆ లైను వదలొద్దు.

టెక్కలి అమ్మాయికి ఇంకోటి. అదే చట్టం 32వ సెక్షన్ కింద ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు మన హక్కు.

వరంగల్_వీల్‌చైర్
రాంబాబు సార్, 32వ సెక్షన్ పూర్తిగా చదవండి. ప్రభుత్వ కాలేజీలు, ప్రభుత్వ సాయం తీసుకునే కాలేజీలు అని ఉంటది. ఆమె ఫోన్ చేసింది ప్రైవేటుకి. అక్కడ 5 శాతం అని వాదిస్తే నవ్వుతరు. 3వ సెక్షన్ పట్టుకోండి, వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదని ఉంది. వినకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు రాయండి. దానికి లాయర్ అక్కర్లేదు.

రూల్‌బుక్_రాంబాబు
అవును, మీరన్నదే కరెక్టు. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటుకి ఆ సెక్షన్ వర్తించదు.

పూసపాటి_కుర్రోడు
రూల్‌బుక్‌నే రూల్‌తో కొట్టారు. ఈ థ్రెడ్ నేను సేవ్ చేసుకుంటున్నా.

వరంగల్_వీల్‌చైర్
నా సంగతి కూడా చెప్తా, పనికొస్తది. ఐడీలో బీఎడ్ స్పెషల్ చేసిన. కాలేజీకి ర్యాంపు ఉంది, ఇన్‌స్పెక్షన్ కోసం కట్టిందే. పైకి ఎక్కితే తలుపు దగ్గర గడప. ర్యాంపు ఎక్కి గడప ముందు ఆగి ఎవరన్నా వస్తరేమోనని చూసుడు. టీచింగ్ ప్రాక్టీస్‌కి వేసిన బడిలో క్లాసులు మొదటి అంతస్తులో ఉన్నయి, టాయిలెట్ తలుపు చక్రాల కుర్చీ పట్టనంత ఇరుకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉన్న. ఆఖరికి మా గైడ్ మేడమే బడి హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి క్లాసుని కింది వరండాలోకి మార్పించింది. ఒక్క ఫోన్‌తో అయిపోయింది! రూపాయి ఖర్చు లేదు.

అందుకే టెక్కలి చెల్లెకి చెప్పేది ఇది. సీటు వచ్చిన మొదటి వారమే ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం రాసియ్యి. నోట్స్ సాఫ్ట్ కాపీలో కావాలి, రికార్డు టైప్ చేసి ఇస్తా, పరీక్షకి స్క్రైబ్ (మనం చెబితే రాసిపెట్టే మనిషి) కావాలి, ప్రాక్టీస్ బడి బస్సు రూట్ మీద ఉండాలి. ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని దాచుకో. తర్వాత అడిగితే మొహమాటం, ముందు అడిగితే ఏర్పాటు.

ఇంకోటి. నాకు కాళ్లు లేవని నన్ను ఆర్థో, అంటే కాళ్లూ చేతుల వైకల్యం ఉన్న పిల్లల దగ్గరే వేయాలని చూసిన్రు. మనకున్న వైకల్యమే మన స్పెషలైజేషన్ కానక్కర్లేదు. నాకు ఐడీ పిల్లలతో బాగా కుదిరింది, అది తీసుకున్న.

గోదారి_గట్టు
ఈ ఉత్తరం సలహా మాత్రం బంగారం. మా అక్కకి చూపించా, ఆవిడ ఇప్పుడు ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్. "మాకు ఎవరూ ఇలా రాసివ్వరు, ఇస్తే సగం పనులు అప్పుడే చేసిపెడతాం" అంది. పరీక్ష సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. స్క్రైబ్ దొరకడం కష్టమని విన్నా.

వీఐ_బ్యాచ్‌మేట్
మా ఫ్రెండ్‌కి యూనివర్సిటీ పరీక్షల్లో స్క్రైబ్‌గా ఇంటర్ చదివే పిల్ల కూర్చుంది. అప్పట్లో కేంద్రం 2018 గైడ్‌లైన్స్ ప్రకారం సొంత స్క్రైబ్‌ని తెచ్చుకుంటే వాళ్ల చదువు మనకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలనేవారు, 2025లో కొత్త గైడ్‌లైన్స్ వచ్చాయి, అవి చూసుకోండి. గంటకి కనీసం 20 నిమిషాలు అదనం. ముందుగా కలిసి ప్రాక్టీస్ చేయాలి. "నెమెత్", "ఆడియాలజీ" లాంటి మాటలకి స్పెల్లింగ్ చెబుతూ కూర్చుంటే ఆ 20 నిమిషాలూ అక్కడే పోతాయి. మా ఫ్రెండ్ ముఖ్యమైన పదాల లిస్టు ఇచ్చి ఆ పిల్లతో ముందే రాయించింది.

రూల్‌బుక్_రాంబాబు
టెట్‌లో అయితే రెండున్నర గంటల పేపర్‌కి 50 నిమిషాలు అదనంగా వస్తాయి. ఏపీలో స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్లకి పేపర్ 1-బి, 2-బి వేరుగా ఉన్నాయి. డీఎడ్ స్పెషల్ చేస్తే 1-బి, బీఎడ్ స్పెషల్ చేస్తే 2-బి. మనవాళ్లకి పాస్ మార్కు 40 శాతం. కానీ 40తో ఆగొద్దు, డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంటుంది.

పలాస_జీడిపప్పు
ఇన్ని చేశాక ఉద్యోగాలున్నాయా అసలు? అది చెప్పండి ముందు. మా తమ్ముడికి లో విజన్, వాణ్ని ఇందులో చేర్చాలా వద్దా అని చూస్తున్నాం.

భవిత_టీచర్_కరీంనగర్
మొదటిసారి కొంచెం కదలిక వచ్చింది. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు స్పెషల్ టీచర్ల కేసులో తీర్పిచ్చింది. ప్రాథమికంలో పది మంది పిల్లలకి ఒకరు, ఆ పైన పదిహేను మందికి ఒకరు ఉండాలని తర్వాత కేంద్రం లెక్క ఖరారు చేసింది. 2025 మార్చిలో పోస్టులు ప్రకటించమని కోర్టు మళ్లీ రాష్ట్రాలకి చెప్పింది. మా తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కి 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) ఇచ్చిన్రు. ఏపీలో 2025 ఏప్రిల్‌లో 2,260 పోస్టులు మంజూరు చేసిన్రు, 1,136 ఎస్‌జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్.

అందులో వైకల్యం ఉన్నవాళ్లకి 4 శాతం. చూపుకి ఒకటి, వినికిడికి ఒకటి, కదలికకి ఒకటి, ఆటిజం, ఐడీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం లాంటివాళ్లకి కలిపి ఒకటి. నా బాధేందంటే, చూపు లేని పిల్లలకి పాఠం చెప్పే పోస్టుల్లో కూడా చూపు లేనివాళ్లకి అదే ఒక్క శాతమా? ఇక్కడ మనకి అనుభవం ఉంది, ట్రైనింగ్ ఉంది. 4 శాతం అన్నది కనీసం ఇంత అని చట్టం అంటది. అంతకంటే ఎక్కువ ఇవ్వొద్దని ఎక్కడా లేదు.

చిన్నోడి_అమ్మ
ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. తల్లిదండ్రుల సంఘాల తరఫున కూడా అడగొచ్చు.

స్పీచ్_ట్రైనర్_గుంటూరు
అడగాల్సింది ఇంకొకటుంది. టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే కాలేజీల్లో లెక్చరర్లుగా వైకల్యం ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నారు? నేను చదివిన చోట ఒక్కరూ లేరు. డెఫ్ లెక్చరర్ ఒక్కరున్నా చేతుల_భాష గారికి బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పేవాళ్లు కాదు. సైన్ ఎలా వాడాలో నాకు మొదటిసారి అర్థమైంది బడిలో పిల్లల దగ్గరే, కోర్సులో కాదు.

చేతుల_భాష
థాంక్స్ మేడమ్. ఎంఎడ్ స్పెషల్ దాకా చదివిన డెఫ్ వాళ్లు ఉంటే ఇక్కడ చెప్పండి, మాట్లాడాలని ఉంది. నాతో పాటు డీటీఐఎస్‌ఎల్ చేసినవాళ్లం కొందరం కలిసి ఆర్‌సీఐకి ఉత్తరం రాస్తున్నాం. హెచ్‌ఐ కోర్సులో డెఫ్ ట్రైనీకి శబ్దం ప్రాక్టికల్ బదులు సైన్‌లో కథ చెప్పడం, చిన్నపిల్లలకి మొదటి భాష నేర్పడం మీద ప్రాక్టికల్ పెట్టమని అడుగుతున్నాం. రాంబాబు గారు చెప్పిన 17-సి కూడా రాస్తాం.

రూల్‌బుక్_రాంబాబు
ఉత్తరం డ్రాఫ్ట్ నాకు మెసేజ్ చేయండి, సెక్షన్లు సరిచూసి పెడతా. వరంగల్ మేడమ్‌కి కూడా పంపండి, నేను వదిలేసింది ఆవిడ పట్టుకుంటారు.

టెక్కలి_అమ్మాయి
ఎడ్‌సెట్ రాస్తున్నాను. వరంగల్ అక్క చెప్పిన ఉత్తరం ఇప్పుడే టైప్ చేసి పెట్టుకున్నాను, కాలేజీ పేరు దగ్గర ఖాళీ వదిలాను. ఒకవేళ దగ్గర్లో సీటు రాకపోతే దూరవిద్యలో కుదురుతుందా?

బ్రెయిల్_మాస్టారు
అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష పెట్టి రెండున్నరేళ్ల బీఎడ్ స్పెషల్ నడుపుతూ వచ్చింది, ఇప్పుడు ఏపీ వాళ్లని తీసుకుంటున్నారో లేదో కనుక్కో. కానీ అమ్మా, నీకు కుదిరితే రెగ్యులరే చెయ్యి. పిల్లల మధ్య రోజూ ఉండాలి. ఏ కాలేజీలో చేరినా ఆ కోర్సుకి, ఆ ఏడాదికి ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టు. అనుమతి లేని చోట చదివితే సీఆర్‌ఆర్ నంబర్ రాదు.

పలాస_జీడిపప్పు
మాస్టారూ, మా తమ్ముడి గురించి ఒక మాట. వాడికి లో విజన్, పెద్దక్షరాలు దగ్గర పెట్టుకుని చదువుతాడు. బ్రెయిల్ రాదు. వీఐలో చేరాలంటే ముందే బ్రెయిల్ నేర్చుకోవాలా, కోర్సులో నేర్పుతారా?

బ్రెయిల్_మాస్టారు
కోర్సులో నేర్పుతారు, కానీ చూపున్న ట్రైనీల లాగే వాడూ కంటితో చదవడానికి అలవాటుపడతాడు, వేలికి ఆ అలవాటు రాదు. ఇప్పటి నుంచే వేలితో మొదలుపెట్టించండి. ఖరీదైన బ్రెయిలర్ మెషీన్ ఇప్పుడే కొనకండి. ఒక బ్రెయిల్ స్లేటు, చుక్కలు గుచ్చే స్టైలస్, కాస్త మందం కాగితం చాలు. రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి గుచ్చాలి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి, మొదట్లో అందరూ తడబడతారు. ముందు తెలుగు బ్రెయిల్, అది వచ్చాక ఇంగ్లీషు, నెమెత్ ఆ తర్వాత. మీ ఊరు ఎక్కడో మెసేజ్ పెట్టండి, అటువైపు నేర్పేవాళ్లు ఎవరున్నారో కనుక్కుని చెబుతాను.